పౌలు వెళ్ళగోరిన దేశము: దక్షిణ స్పెయినులో మూడు పట్టణములు

అపొస్తలుడైన పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రిక 15వ అధ్యాయములో స్పెయిను దేశము పేరు రెండుమారులు వచ్చును. రోమును దర్శించి, అక్కడనుండి స్పెయినుకు వెళ్ళవలెనని ఆయన ఆశ. ఆ దినములలో స్పెయిను అనగా లోకమునకు పడమటి అంచు. దాని తరువాత సముద్రమే. భూదిగంతముల వరకు సువార్త వెళ్ళవలెనని తలంచిన పౌలు మనస్సు ఆ దేశము మీదికి పోవుట వింత కాదు.

మన సండే స్కూలు పిల్లలను పౌలు ప్రయాణముల పటము ముందు నిలువబెట్టి అడిగితే ఎఫెసును, కొరింథును, రోమును చూపుదురు. స్పెయినును చూపువారు తక్కువ. అందుచేత ఈ నెల మన పాఠకులను ఆ దేశపు దక్షిణ భాగమైన ఆండలూసియాకు తీసికొని వెళ్ళుచున్నాము. అక్కడి కోటలను, మసీదులను, దేవాలయములను చూచుటకు ప్రతి సంవత్సరము లక్షలకొలది జనులు లోకమంతటినుండి వత్తురు. మనమును చూతము. అయితే ఈ గోడలు ఎవరు కట్టిరి, ఈ గోడలలోనుండి ఎవరిని వెళ్ళగొట్టిరి అని కూడ అడుగుచు చూతము. క్రీస్తు పేరు పెట్టుకొనిన మనకు ఆ రెండవ ప్రశ్న ముఖ్యము.

నారింజ, చక్కెర, ఒలీవ

ఆండలూసియాలో ఎనిమిది జిల్లాలు గలవు. విస్తీర్ణము సుమారు 87,000 చదరపు కిలోమీటర్లు, అనగా మన తెలంగాణలో నాలుగింట మూడు వంతులు. జనాభా 80 లక్షలకు పైన. మధ్యను గ్వాదల్కివిర్ అను నది పారుచున్నది. ఆ పేరునకు అరబ్బు భాషలో పెద్ద నది అని అర్థము. తూర్పున సియెర్రా నెవాడా కొండలు గలవు. వాటిలో ఎత్తైన శిఖరము సుమారు 3,480 మీటర్లు. చలికాలమున అక్కడ మంచు కప్పియుండును. అదే ప్రాంతపు మైదానములలో వేసవి ఎండ మన రాయలసీమ ఎండకు తీసిపోదు. 40 డిగ్రీలు దాటు దినములు అనేకము. మధ్యాహ్నము చాలా కొట్లు మూసివేసి, జనులు ఇంటిపట్టున ఉండి, ప్రొద్దు వాలిన తరువాత వీధులలోనికి వత్తురు.

వ్యవసాయము చేయువారికి ఈ దేశము వెంటనే నచ్చును. హాయేన్ అను ఒక్క జిల్లాలోనే ఆరు కోట్లకు పైగా ఒలీవ చెట్లున్నవి. కొండమీదినుండి చూచితే కనుచూపు మేర వరుసలు తీర్చిన ఒలీవ తోటలే. బైబిలులో ఒలీవ అను మాట చదివి, ఆ చెట్టు ఎట్లుండునో చూడనివారు మనలో అనేకులు. చిన్న బూడిదరంగు ఆకులు, మెలిదిరిగిన మ్రాను, నీటి ఎద్దడిని ఓర్చుకొను చెట్టు అది. లోకములో ఒలీవ నూనె అందరికంటె ఎక్కువ తీయు దేశము స్పెయిను. అందులో అధిక భాగము ఆండలూసియాది.

క్రీ.శ. 711లో ఆఫ్రికా ఉత్తర తీరమునుండి ముస్లిము సైన్యములు సముద్రపాయను దాటి ఇక్కడికి వచ్చెను. అప్పటినుండి దాదాపు ఎనిమిది వందల సంవత్సరములు ఈ దేశములో ఏదో ఒక భాగము వారి యేలుబడిలో ఉండెను. వారితో క్రొత్త పంటలు, క్రొత్త నీటి పద్ధతులు వచ్చెను. కొండమీది మంచు కరిగిన నీటిని చిన్న కాలువల ద్వారా పొలములకు మళ్ళించి, వంతుల ప్రకారము పంచుకొనుట వారు ఈ దేశమందు విస్తరింపజేసిరి. ఆ కాలువలలో కొన్ని నేటికిని పారుచున్నవి. వాటిని స్పానిష్ భాషలో ఇప్పటికిని అరబ్బు మాటతోనే పిలుతురు.

మరియొక సంగతి మనకు సంతోషము కలిగించును. స్పెయినువారు నారింజను నారంహ అందురు. చక్కెరను అసూకర్ అందురు. ఈ రెండు పేర్లును, వాటితోకూడ ఆ చెట్లును, చెరకును మన దేశపు వైపునుండి పారసీకుల ద్వారా, అరబ్బుల ద్వారా అంత దూరము వెళ్ళినవే. ఆ దేశమునకు ఎన్నడును వెళ్ళని మన పెద్దల నోటిమాట అక్కడి అంగడిలో వినబడును. సెవిల్ పట్టణపు వీధుల వెంబడి నారింజ చెట్లు వేలకొలది ఉన్నవి. అయితే ఆ పండ్లు పుల్లనివి, చేదైనవి. కోసికొని తినుటకు పనికిరావు, మార్మలేడు చేయుటకు వాడుదురు.

కొర్డోబా: మసీదులో దేవాలయము

మొదట కొర్డోబాకు వెళ్ళుదము. ఇది పాత రోమా పట్టణము. నీరో చక్రవర్తికి గురువైన సెనెకా ఇక్కడ పుట్టెను. మన విశ్వాస చరిత్రలో దీనికి గొప్ప స్థానము గలదు. క్రీ.శ. 325లో నీకయ మహాసభలో ప్రముఖుడుగా ఉండిన బిషప్పు హోసియస్ కొర్డోబావాడే. నదిమీద రోమీయుల కాలమున వేసిన వంతెన అనేకమారులు బాగుచేయబడి ఇప్పటికిని నిలిచియున్నది. దాని మీద నడచి వచ్చితే ఎదుట ఒక పెద్ద ప్రహరీ కనబడును. అదియే కొర్డోబా మసీదు. ఇప్పుడది కథోలికుల కథీడ్రలు.

ఈ స్థలమున ముందుగా క్రైస్తవుల దేవాలయము ఉండెనని పాత చరిత్రలు చెప్పును. క్రీ.శ. 785 ప్రాంతమున మొదటి అబ్దుర్ రహమాను అక్కడ మసీదు కట్టనారంభించెను. తరువాతి రాజులు రెండు వందల సంవత్సరములు దానిని పెంచుచు వచ్చిరి. లోపలికి అడుగుపెట్టగానే ఈత వనములోనికి వచ్చినట్లుండును. 850కి పైగా స్తంభములు, వాటిమీద ఎరుపు తెలుపు పట్టెల జంట కమానులు. చాలా స్తంభములు రోమీయుల కట్టడములనుండి, పాత చర్చిలనుండి తెచ్చినవి. ఒకదాని పొడవు మరియొకదానికి సరిపోదు. పనివారు ఓర్పుతో పొట్టివాటి క్రింద దిమ్మలు పెట్టి సరిచేసిరి.

1236లో మూడవ ఫెర్డినాండు అను క్రైస్తవ రాజు ఈ పట్టణమును పట్టుకొనెను. మసీదు దేవాలయమాయెను. 1523లో బిషప్పు దాని నడుమ స్తంభములను తీయించి పెద్ద కథీడ్రలు కట్టనారంభించెను. పట్టణసభవారు వద్దని వాదించిరి గాని చక్రవర్తి అయిదవ చార్లెసు బిషప్పు పక్షము వహించెను. ఆ తరువాత ఆయన స్వయముగా వచ్చి చూచి, ఎక్కడనైనను కట్టదగిన దానికొరకు లోకములో మరెక్కడను లేనిదానిని పాడుచేసిరని విచారించెనని ఆ ఊరివారు తరతరములుగా చెప్పుకొందురు.

ఇక్కడ ఒక జత గంటల కథ వినదగినది. 997లో కొర్డోబా సేనాపతి అల్ మన్సూర్ ఉత్తరమున సాంతియాగో అను క్రైస్తవ యాత్రాస్థలమును కొల్లగొట్టి, ఆ దేవాలయపు గంటలను క్రైస్తవ ఖైదీల భుజముల మీద కొర్డోబాకు మోయించి, మసీదులో దీపములుగా వ్రేలాడదీయించెను. 1236లో పట్టణము పట్టుకొనిన క్రైస్తవ రాజు అవే గంటలను ముస్లిము ఖైదీల భుజముల మీద తిరిగి సాంతియాగోకు మోయించెను. చరిత్రకారులు దీనిని రాజుల కీర్తిగా వ్రాసిరి. మోసినవారి పేర్లు ఎవరును వ్రాయలేదు.

ముస్లిము ప్రభువుల కాలమున క్రైస్తవులును యూదులును తలపన్ను కట్టి తమ మతమును అనుసరించుటకు సెలవు ఉండెను. అయినను ఆ కాలమంతయు ఒక్క తీరుగా లేదు. 850కిని 859కిని మధ్య ఇస్లామును బహిరంగముగా ఖండించిన క్రైస్తవులు సుమారు 48 మంది కొర్డోబాలో చంపబడిరి. పన్నెండవ శతాబ్దములో ఆఫ్రికానుండి వచ్చిన అల్ మొహాదు ప్రభువులు యూదులను, క్రైస్తవులను మతము మార్చుకొనుడి, లేదా వెళ్ళుడి అని తొందరపెట్టిరి. యూదులలో మహా పండితుడైన మైమోనిడీసు ఈ కొర్డోబాలో పుట్టినవాడు. ఆయన కుటుంబము అప్పుడే ఇల్లు విడిచి పోయెను. చివరకు ఆయన ఐగుప్తులో స్థిరపడి వైద్యుడాయెను. ఇప్పుడు ఆ యూదుల వీధిలో ఆయన విగ్రహము కూర్చున్న భంగిమలో ఉన్నది.

ఆ వీధిలోనే 1315లో కట్టిన చిన్న సమాజమందిరము గలదు. మన పల్లెటూరి ప్రార్థన మందిరము కంటె పెద్దది కాదు. 1492లో యూదులు దేశమునుండి వెళ్ళగొట్టబడిన తరువాత దానిని పిచ్చికుక్క కాటు రోగుల ఆసుపత్రిగా వాడిరి. తరువాత చెప్పులు కుట్టువారి సంఘమునకు ఇచ్చిరి. గోడలకు సున్నపు పూత వేసిరి. 1884లో ఆ పూత పెచ్చులూడగా దాని వెనుకనుండి హెబ్రీ అక్షరములు బయటపడెను. అవి కీర్తనల గ్రంథములోని మాటలు. నాలుగు వందల సంవత్సరములు ఆ కీర్తనలు సున్నము క్రింద ఉండెను.

గ్రనడా: దానిమ్మ పట్టణము

కొర్డోబానుండి ఒలీవ తోటల మధ్యగా ఆగ్నేయమునకు వెళ్ళితే గ్రనడా వచ్చును. స్పానిష్ భాషలో గ్రనడా అనగా దానిమ్మపండు. పట్టణపు గుర్తు కూడ అదే. మంచుకొండల పాదముల యొద్ద, పచ్చని పొలముల నడుమ ఇది కట్టబడెను. దీని సమీపమున ఎల్విరా అను స్థలములో క్రీ.శ. 305 ప్రాంతమున 19 మంది బిషప్పులు కూడి సభ జరిపిరి. స్పెయిను సంఘ చరిత్రలో తీర్మానములు మనకు మిగిలిన మొదటి సభ అదియే.

యాత్రికులు గ్రనడాకు వచ్చునది ముఖ్యముగా అల్ హంబ్రా చూచుటకు. ఆ పేరునకు ఎర్రనిది అని అర్థము. 1238లో మొదటి ముహమ్మదు అను రాజు ఈ కోట పని ప్రారంభించెను. కొండమీద నీరు లేదు. అందుచేత దార్రో అను చిన్న నదికి సుమారు ఆరు కిలోమీటర్లు ఎగువను అడ్డుకట్ట వేసి, కొండ అంచు వెంబడి కాలువ త్రవ్వి నీరు తెచ్చిరి. ఆ నీరే తోటలలోను, స్నానపు గదులలోను, కొలనులలోను పారెను. సింహముల ప్రాంగణములో పండ్రెండు రాతి సింహముల వీపుల మీద నీటి తొట్టి గలదు. చుట్టును 124 సన్నని పాలరాతి స్తంభములు. గోడలమీద సున్నముతో చేసిన పని మన స్త్రీలు వేయు సన్నని అల్లికవలె ఉండును.

ఆ గోడలమీద ఒకే మాట వందలమారులు వ్రాయబడియున్నది. జయించువాడు దేవుడే గాని మరియెవరును కారని దాని భావము. అది ఆ రాజవంశపు ముద్రావాక్యము. ఆ వంశపు చివరి రాజు బోయబ్దిల్ 1492 జనవరి 2వ తేదీన కోట తాళములను ఫెర్డినాండు, ఇసబెల్లా అను క్రైస్తవ రాజదంపతులకు అప్పగించెను. ఇప్పుడు ఆ దంపతులు పట్టణములో రాజుల చాపెలు క్రింద నేలమాళిగలో ఉన్నారు. పైన చలువరాతి సమాధులు ఎంతో వైభవముగా ఉన్నవి. క్రింద మెట్లు దిగి చూచితే సీసపు పెట్టెలు మాత్రమే. జయించినవారును ఓడినవారును పోయిరి. గోడమీది మాట నిలిచియున్నది.

ఆ 1492వ సంవత్సరము లోక చరిత్రలో మరచిపోరానిది. మార్చి 31వ తేదీన రాజదంపతులు ఈ గ్రనడాలోనే యూదుల బహిష్కరణ ఆజ్ఞ మీద సంతకము చేసిరి. బాప్తిస్మము పొందనివారందరు జూలై నెలాఖరులోగా దేశము విడువవలెను. ఏప్రిల్ 17వ తేదీన, గ్రనడాకు సమీపమున సాంతా ఫే అను ఊరిలో, కొలంబసుతో ఒడంబడిక చేసిరి. ఆగస్టు 3వ తేదీన అతని ఓడలు పాలోస్ రేవునుండి బయలుదేరెను. ఆ ఓడలు తెరచిన దారిలోనే మిరప, టమాట, మొక్కజొన్న, వేరుశనగ అమెరికానుండి మన వైపు లోకమునకు వచ్చెను. మన గుంటూరు మిరపకును ఆ సంవత్సరమునకును సంబంధము గలదు.

గ్రనడాలో ఇద్దరు మనుష్యుల కథ మనము తప్పక తెలిసికొనవలెను. ఇద్దరును క్రైస్తవ పెద్దలే.

మొదటివాడు హెర్నాండో దె తలవేరా, గ్రనడాకు మొదటి ఆర్చిబిషప్పు. పట్టణము లోబడినప్పుడు ముస్లిములకు వ్రాసియిచ్చిన ఒడంబడికలో వారి మసీదులు, వారి మతము, వారి న్యాయము వారికి ఉండనిత్తుమని రాజదంపతులు మాట ఇచ్చిరి. తలవేరా ఆ మాటను గౌరవించెను. బలవంతము వద్దు, బోధించి ఒప్పింపవలెననెను. అప్పటికి ఆయన వృద్ధుడు. అయినను అరబ్బు భాష నేర్చుకొన ప్రయత్నించి, తన క్రింది గురువులను కూడ నేర్చుకొనుమనెను. ఆయన ప్రోత్సాహముతో పేద్రో దె అల్కలా అను సన్యాసి వ్రాసిన అరబ్బు వ్యాకరణము, నిఘంటువు 1505లో గ్రనడాలో అచ్చాయెను.

రెండవవాడు ఆర్చిబిషప్పు సిస్నేరోసు. 1499లో గ్రనడాకు వచ్చి, ఈ మెల్లని పద్ధతి పనికిరాదని తలంచి, గుంపులు గుంపులుగా బాప్తిస్మములిప్పించెను. అరబ్బు గ్రంథములను బిబ్ రంబ్లా అను చౌకులో కాల్పించెను. వైద్య గ్రంథములు మాత్రము విడిచిపెట్టెను. జనులు తిరుగబడిరి. తిరుగబడిరి గనుక ఒడంబడిక చెల్లదని ప్రభుత్వమనెను. 1502లో కస్తీలు రాజ్యమందలి ముస్లిములు బాప్తిస్మము పొందవలెను, లేదా వెళ్ళవలెనని ఆజ్ఞ వచ్చెను.

ఫలితమేమి? బాప్తిస్మము పొందినవారిని ప్రభుత్వము నమ్మలేదు. వారి పిల్లలను, మనుమలను కూడ నమ్మలేదు. 1609కిని 1614కిని మధ్య సుమారు మూడు లక్షల మందిని, క్రైస్తవులని పిలువబడుచున్న ఆ కుటుంబములనే, ఓడలెక్కించి పంపివేసిరి. అనేక పల్లెలు పాడుపడెను. కాలువలు చూచువారు లేకపోయిరి. తలవేరా మాటయేమైనది? ఆయన వృద్ధాప్యములో ఇంక్విజిషన్ అను మతవిచారణ న్యాయస్థానము ఆయన మీదనే నేరము మోపెను. పోపు ఆయన నిర్దోషియని తీర్చెను. 1507లో ఆయన మరణించెను.

సెవిల్: కథీడ్రలును పీపాయిలును

ఇప్పుడు పడమటికి, సెవిల్ పట్టణమునకు వత్తము. సముద్రము ఇక్కడికి సుమారు 80 కిలోమీటర్లు. అయినను నదిమీదుగా ఓడలు వచ్చుటచేత అమెరికా వర్తకమంతయు ఒక కాలమున ఈ రేవులోనే జరిగెను.

సెవిల్ కథీడ్రలు లోకములో గోతిక్ పద్ధతి కథీడ్రలులన్నిటిలో పెద్దది. పెద్ద మసీదు ఉండిన స్థలములో 1401లో నిర్ణయించి వంద సంవత్సరములకు పైగా కట్టిరి. మసీదు మీనారు మాత్రము పడగొట్టక గంటల గోపురముగా చేసిరి. దాని పేరు హిరాల్డా. ఎత్తు 100 మీటర్లకు పైన. లోపల మెట్లకు బదులు 35 ఏటవాలు బాటలున్నవి. ప్రార్థనకు పిలుచువాడు గుఱ్ఱమెక్కి పైకి పోవుటకు అట్లు కట్టిరట. మన ముసలివారు కూడ కూర్చుండి లేచి మెల్లగా ఎక్కవచ్చును.

లోపల కొలంబసు సమాధి గలదు. నలుగురు రాజభటుల విగ్రహములు శవపేటికను మోయుచున్నట్లు చేసిరి. దానికంటె ఆలోచింపజేయునది మూడవ ఫెర్డినాండు సమాధి. 1248లో సెవిల్‌ను పట్టుకొనిన ఆ రాజు సమాధి మీద ఆయన గుణగణములు నాలుగు భాషలలో వ్రాయబడెను: లాటిను, స్పానిష్, అరబ్బు, హెబ్రీ. ఆ కాలమున ఆ పట్టణములో ఆ నాలుగును చదువువారు ఉండిరి. తరువాత హెబ్రీ చదువువారిని పంపివేసిరి. అరబ్బు చదువువారిని పంపివేసిరి. చివరకు స్పానిష్ భాషలో బైబిలు చదువగోరినవారి వంతు వచ్చెను.

1550 తరువాత సెవిల్‌లో మార్టిన్ లూథరు మొదలైనవారి బోధలు చదువు ఒక చిన్న గుంపు ఏర్పడెను. కథీడ్రలులో ప్రసంగీకుడైన కాన్స్టాంటినో పోన్సె వారికి ఆప్తుడు. పట్టణమునకు కొద్ది దూరములో సాంతిపోన్సె అను ఊరిలో సాన్ ఇసిదోరో దెల్ కాంపో అను మఠములోని సన్యాసులు కూడ ఆ పుస్తకములను చదివిరి. ప్రజల భాషలో బైబిలు అచ్చువేయుట, దగ్గర నుంచుకొనుట స్పెయినులో అప్పుడు నిషిద్ధము.

ఆ పుస్తకములను తెచ్చినవాడు హులియాన్ హెర్నాండెజ్. ఆకారములో బహు చిన్నవాడు గనుక అందరును అతనిని చిన్న హులియాన్ అనుచుండిరి. 1556లో జెనీవాలో అచ్చయిన స్పానిష్ క్రొత్త నిబంధనలను 1557లో పీపాయిలలో దాచి, కంచరగాడిదలు తోలుకొనువానివలె కొండలు దాటి, సెవిల్‌కు చేర్చెను. కొన్ని నెలలలో సంగతి బయటపడెను. హులియాన్ పట్టుబడెను. నదికి ఆవల త్రియానాలో సాన్ హోర్హె కోట ఇంక్విజిషన్ వారి చెర. అక్కడ అతనిని మూడు సంవత్సరములు హింసించి, 1560 డిసెంబరు 22వ తేదీన సజీవముగా కాల్చిరి. అంతకుముందు 1559 సెప్టెంబరు 24వ తేదీన సాన్ ఫ్రాన్సిస్కో చౌకులో తీర్పులు చదివి అనేకులను కాల్చివేసిరి. వారిలో మరియా దె బోహోర్కెస్ అను, ఇరువది ఏండ్లు దాటిన, లాటిను చదివిన యువతి ఉండెను. కాన్స్టాంటినో చెరలోనే మరణించెను. అతని యెముకలను త్రవ్వి తీసి కాల్చిరి.

సాన్ ఇసిదోరో మఠమునుండి పండ్రెండు మంది సన్యాసులు 1557లో పారిపోయిరి. వారిలో ఒకడు కసియొడోరో దె రెయినా. దొరకలేదు గనుక సెవిల్‌లో అతని బొమ్మను కాల్చిరి. అతడు దేశదేశములు తిరుగుచు, భార్యాబిడ్డలతో బీదతనమనుభవించుచు, సుమారు పండ్రెండు సంవత్సరములు కష్టపడి బైబిలు అంతయు స్పానిష్ భాషలోనికి మార్చెను. 1569లో స్విట్జర్లాండులోని బాజెలు పట్టణమున 2,600 ప్రతులు అచ్చాయెను. మొదటి పుటలో అనువాదకుని పేరు లేదు. తేనెకొరకు చెట్టునానుకొని నిలిచిన ఎలుగుబంటి బొమ్మ మాత్రము ఉండెను. అందుచేత జనులు దానిని ఎలుగుబంటి బైబిలు అనిరి. అదే మఠమునుండి పారిపోయిన సిప్రియానో దె వలేరా యాబదియవ ఏట దానిని సరిచేయ మొదలుపెట్టి, ఇరువది సంవత్సరములు శ్రమించి, 1602లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చువేయించెను. నేడు స్పెయినులోను, దక్షిణ అమెరికాలోను ప్రొటెస్టెంటు సంఘములలో బహుగా చదువబడు బైబిలు ఈ రెయినా వలేరా బైబిలే.

సెవిల్‌కు వెళ్ళువారు కథీడ్రలు చూచిన తరువాత వంతెన దాటి త్రియానాకు వెళ్ళవలెను. అక్కడ కూరగాయలు, చేపలు అమ్ము అంగడి గలదు. దాని క్రింద సాన్ హోర్హె కోట పునాదులు బయటపడగా, 2009లో వాటిని ప్రదర్శనశాలగా తెరచిరి. పైన బేరములాడు సందడి, క్రింద చెరసాల రాళ్ళు. సాంతిపోన్సె మఠమును కూడ చూడవచ్చును. దాని ప్రక్కనే ఇతాలికా అను రోమా పట్టణపు శిథిలములున్నవి. పారిపోయిన సన్యాసులు నడచిన వసారాలు, వారు భోజనము చేసిన గది అట్లే ఉన్నవి.

వెళ్ళగలవారికి నాలుగు మాటలు

మన పిల్లలు ఐరోపా దేశములలో చదువులకు, ఉద్యోగములకు వెళ్ళుచున్నారు. వారిని చూడబోవు తలిదండ్రులకు ఈ సూచనలు ఉపయోగపడును. మార్చి మొదలు మే వరకును, సెప్టెంబరు, అక్టోబరు నెలలును అనుకూలము. జూలై, ఆగస్టులలో పోరాదు. మాడ్రిడునుండి సెవిల్‌కు 1992లో వేగపు రైలు వేసిరి. 471 కిలోమీటర్లు సుమారు రెండున్నర గంటలలో చేరును. అది కొర్డోబా మీదుగానే పోవును. అల్ హంబ్రాకు సంవత్సరమునకు ఇరువది లక్షల మందికి పైగా వత్తురు గనుక చాలా ముందుగా టికెట్టు కొనవలెను. రాజభవనములలోనికి ప్రవేశించు గంట టికెట్టు మీదనే ఉండును. ఆ గంట తప్పిపోయిన యెడల లోపలికి రానియ్యరు. ఈస్టరుకు ముందు వారములో సెవిల్ వీధులలో గొప్ప ఊరేగింపులు జరుగును. అప్పుడు వసతి దొరకుట కష్టము.

మనకొరకు

ఇంక్విజిషన్ 1834లో రద్దాయెను. 1978 రాజ్యాంగము స్పెయినులో అందరికి మతస్వేచ్ఛ నిచ్చెను. 1492కు సరిగా అయిదు వందల సంవత్సరములు నిండిన 1992లో, స్పెయిను ప్రభుత్వము ప్రొటెస్టెంటులతోను, యూదులతోను, ముస్లిములతోను ఒకే దినమున చట్టబద్ధమైన ఒడంబడికలు చేసెను. 2003లో గ్రనడాలో, అల్ హంబ్రాకు ఎదురుగా, క్రొత్త మసీదు తెరచిరి. వెళ్ళగొట్టబడిన యూదుల సంతతివారు పౌరసత్వము కోరుటకు 2015లో చట్టము చేసి, కొన్ని సంవత్సరములు గడువిచ్చిరి.

బలవంతముగా ఇచ్చిన బాప్తిస్మములు గ్రనడాలో మూడు తరములు నిలువలేదు. పీపాయిలో దాచి తెచ్చిన గ్రంథము ఇప్పటికిని చదువబడుచున్నది. బలవంతము చేసినవారు సిలువ పట్టుకొనినవారే గనుక ఈ సంగతిని మనము ఇతరుల తప్పుగా చెప్పుకొనరాదు. మన పల్లెలలో మన ప్రక్క ఇంటివారు హిందువులు, ఎదుటి ఇంటివారు ముస్లిములు. వారి పెండ్లికి మనము, మన క్రిస్మసుకు వారు వచ్చుచుందురు. తలవేరా ముసలితనములో పొరుగువాని భాష నేర్చుకొన కూర్చుండినది ఇటువంటి వీధిలోనే.

మన చేతిలోని తెలుగు బైబిలు కూడ సులభముగా రాలేదు. విశాఖపట్టణములోను, సెరంపూరులోను మిషనరీలును, వారితో కూడ కూర్చుండిన మన దేశపు పండితులును సంవత్సరముల తరబడి పనిచేయగా, తెలుగు క్రొత్త నిబంధన 1818లో సెరంపూరున అచ్చాయెను. దానిని చదివినందుకు మనలను ఎవరును కాల్చలేదు. అయినను ఎన్ని ఇండ్లలో అది వారమంతయు బీరువా మీదనే ఉన్నది!

ఈ నెల ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థనలో రోమా పత్రిక 15వ అధ్యాయము పిల్లలచేత చదివించండి. పౌలు ప్రయాణముల పటములో రోమునుండి పడమటికి వ్రేలు జరిపి స్పెయినును చూపండి. చిన్న హులియాన్ కథ వారికి చెప్పండి. తలవేరా కథ కూడ చెప్పండి.